బోర్డు మీది నంబరు

"మూత యాడ పెట్నావత్తా?" అని పవిత్ర మూడోసారి అడిగింది.

పెంచలమ్మ దేవుడి పటాల ముందు కూర్చుని వత్తులు చేసుకుంటోంది. తల తిప్పకుండానే "ఏ మూతమే?" అంది.

"మోనికకు మందు కొలిచి పోసేది. గీతలుండే ప్లాస్టిక్ మూత."

"ఓ, అదా. ఈడ ఉండాది సూడు. కుంకం పోసుకున్యా. బుజ్జిగా చేతికి అందతా ఉండాది."

పవిత్ర వంగి చూసింది. మూతలో అయిదు అని రాసి ఉన్న గీత దాకా కుంకుమ నిండి ఉంది.

"కుంకానికి వెండి భరిణె ఉండాది గదత్తా. అది మందు మూత."

"మందు పోసేదానికి చెంచా లేదా ఇంట్లో? ముగ్గురు బిడ్డల్ని చెంచాతోనే సాకినా. ఒక్కడు కూడా గీత తప్పి పెరగలా."

"మనింట్లో నాలుగు రకాల చెంచాలుండాయి. అరచెంచా పొయ్యమంటే ఏ చెంచాలో సగం?"

ఇంటికి ఆనుకున్న మరమగ్గాల షెడ్డులోంచి హరినాథ్ తొంగి చూశాడు. చేతులకున్న మగ్గం నూనెను పాత గుడ్డతో తుడుచుకుంటున్నాడు. "పొద్దున్నే మూతకాడ పంచాయితీనా? రెండో మగ్గంలో పడుగు తెగి నేను తల కొట్టుకుంటా ఉండా."

"నీ పెండ్లాన్ని అడుగు సామీ. బి.ఎస్సీ. సదివింది, చెంచా తెలీదంటాది."

పవిత్ర కిటికీ గట్టు మీది సీసాను తీసి వెలుతురుకు ఎత్తిపట్టింది. గోధుమరంగు మందు. సీసా మీద కాగితం లేదు, పేరు లేదు, తేదీ లేదు. క్లినిక్‌లో పెద్ద డబ్బాలోంచి గరాటు పెట్టి పోసిచ్చింది.

"దీని పేరేందో మీ ఇద్దరిలో ఎవరన్నా చెప్పండి. పోస్తా."

"దగ్గు మందు" అంది పెంచలమ్మ.

"దగ్గు పాపది. మందు పేరు అడుగుతా ఉండా."

మూడేళ్ల మోనిక గోడకు ఆనుకుని కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా దాని భుజాలు చిన్నగా పైకి లేస్తున్నాయి. పవిత్ర సీసాను గట్టు మీదే పెట్టేసి, అల్మారాలోంచి నోటుపుస్తకం తీసింది. ఉగాది నుంచి ఇది ఆరోసారి. ప్రతిసారీ తేదీ, జ్వరం ఎంత, ఎన్ని సూదులు అన్నది రాసుకుంది. మందు పేరు రాయాల్సిన చోట ఆరుసార్లూ ఖాళీగానే ఉంది.

*

సాయంత్రానికి పాప ఆయాసం తగ్గలేదు. పవిత్ర దాన్ని భుజాన వేసుకుని బయల్దేరుతుంటే పెంచలమ్మ చెప్పులు తొడుక్కుంది.

"నేనూ వస్తా. నువ్వు ఆడ నోరు జారతావు."

నగరి బజారు వీధిలో బాలచంద్ర క్లినిక్ రెండు గదులది. ముందు గదిలో బల్లల మీద బిడ్డలతో తల్లులు. సగం మంది మగ్గాల వీధివాళ్లే. గోడ మీద దండ వేసిన ఫోటోలో చలపతి డాక్టరు నవ్వుతున్నాడు. ఆయన బాలచంద్రకు గురువని పవిత్ర విన్నది. ఆమె ఈ ఊరికి కోడలిగా వచ్చేసరికే ఆయన పోయి ఏడాదయింది.

బాలచంద్రకు అరవై ఏళ్లుంటాయి. తెల్లటి పొట్టి చేతుల చొక్కా, మెత్తటి గొంతు. బిడ్డలకు ఇచ్చేందుకు చాక్లెట్ డబ్బా. వీధిలో ఎవరికి ఒళ్లు బాగాలేకపోయినా పిలిస్తే ఇంటికే వస్తాడు. పెంచలమ్మకు బీపీ మాత్రలు ఆయనే కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు.

"ఏమ్మా మోనికా, మళ్లా వచ్చినావా? నేనంటే అంత ఇష్టమా?" అంటూ ఆయన స్టెతస్కోపును గౌను మీదే ఒకసారి ఆనించి తీసేశాడు. తర్వాత పక్కనున్న ట్రేకేసి చెయ్యి చాచాడు.

పవిత్ర చూపు ఆ చేతి వెంట వెళ్లింది. ట్రేలో తెల్ల గుడ్డ మీద అయిదు సిరంజీలు వరసగా పడుకుని ఉన్నాయి. అయిదింటిలోనూ మందు నింపే ఉంది. బయట బల్ల మీద ఇంకా నలుగురు బిడ్డలున్నారు.

"సార్, పాప బరువు చూడలేదు" అంది.

"నా కన్నే తూకమమ్మా. పదకొండు కిలోలు."

"ఆ సూది ఏం మందు సార్?"

"పవరు ఇంజెక్షను."

"పేరు ఒక కాగితం మీద రాసిస్తారా?"

బాలచంద్ర నవ్వి పెంచలమ్మవైపు చూశాడు. "ముప్పై అయిదేండ్లుగా ఈ కుర్చీ కాడ ఉండా. ఎవురూ ఇట్ల అడగలా పెంచలక్కా. కోడలు మనల్ని పరీచ్చ రాయమంటా ఉండాది."

పెంచలమ్మ వెనకనుంచి పవిత్ర మోచేతిని గిల్లింది. పవిత్రకు నొప్పి తెలిసింది గానీ మోచెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అయిదు సూదులూ ముందే నింపి పెట్టినారు సార్. పాపను చూడకముందే ఏ మందో మీకెట్ల తెలిసింది?"

బయట గదిలోని తల్లులు తలుపువైపు మెడలు చాచారు. పెంచలమ్మ ట్రేవైపు చూసి, వెంటనే చూపు నేల మీదికి దించుకుంది.

"రుతువు మారింది గదమ్మా, అందురికీ ఒకటే జబ్బు" అన్నాడు బాలచంద్ర. ఈసారి గొంతులో మెత్తదనం లేదు. "పాపను పండబెట్టు. చెయ్యి పట్టుకో."

పవిత్ర పాపను పడుకోబెట్టలేదు. గౌను సరిచేసి మళ్లీ భుజాన వేసుకుంది. "వద్దు సార్" అని లేచింది. బల్లల మధ్య నుంచి నడుస్తుంటే తల్లులు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఒకామె "ఏందిమే ఆ పొగరు" అని పక్కామెతో అనడం వినబడింది.

మెట్ల దగ్గర ఆగి తల ఎత్తింది. బోర్డు మీద "డాక్టర్ బాలచంద్ర, పిల్లల వైద్య నిపుణులు" అని ఎర్ర అక్షరాలు. కింద మూల చిన్నగా రిజిస్ట్రేషన్ నంబరు. పేరు రంగు నిగనిగలాడుతోంది. నంబరు రంగు మాత్రం వెలిసిపోయి, పెచ్చులూడి ఉంది. పాపను ఎడమ భుజానికి మార్చుకుని, ఫోన్‌తో బోర్డు ఫోటో తీసి, ఆ నంబరును అందులో ఎక్కించుకుంది.

"ఏం సేస్తా ఉండావే నడిబజార్లో?" అంది పెంచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"రాసుకుంటా ఉండానత్తా."

*

వాళ్లు ఇల్లు చేరేలోపే మాట చేరింది. మామ కుప్పయ్య అరుగు మీద నిలబడి ఉన్నాడు.

"తేలు కుట్టి నేను నురగ కక్కతా ఉంటే, పిలవంగానే పరిగెత్తుకుంటా వచ్చినోడు ఆ మనిషి. ఆయన్ని అందరి ముందరా నిలదీసినావంట?"

"మందు పేరడిగినా మామా."

"నమ్మకం లేనిదాన్ని ఆడికి పోనేల?"

"ఇంక పోను" అంది పవిత్ర. పాపకు వేడినీళ్లు తాగించి, వీపు నిమురుతూ ఒళ్లోనే నిద్రపుచ్చింది.

మర్నాడు మంగళవారం. కండెలు చుట్టే మిషను ముందు కూర్చుని, నూలు ఎక్కుతున్నంతసేపూ ఫోను మోకాలి మీద పెట్టుకుంది. వైద్య మండలి వెబ్‌సైటు రెండుసార్లు ఆగిపోయి మూడోసారి తెరుచుకుంది. నంబరు కొట్టింది. గుండ్రంగా ఏదో తిరిగి తిరిగి, ఒక పేరు వచ్చింది.

ఎం. వేంకటాచలపతి. ఎం.బి.బి.ఎస్. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది.

కండె నిండి నూలు పక్కకు జారింది. మిషను ఆపి, చిక్కుపడిన పోగు తెంపి, ముడేసి మళ్లీ మొదలుపెట్టింది. తర్వాత పేరు పెట్టి వెతికింది. బాలచంద్ర అన్న పేరుతో వచ్చినవాళ్లలో ఈయన ఊరూ వయసూ కలిసినవాళ్లు లేరు.

మధ్యాహ్నం హరినాథ్ మజ్జిగకు వచ్చినప్పుడు ఫోను చూపించింది. అతను గ్లాసు దించకుండానే చదివాడు.

"చలపతి సారు నంబరు."

"అవును. చనిపోయిన మనిషిది."

"పాత బోర్డే గదా. పెయింటరు పేరు మార్చి నంబరు అట్లే ఇడ్సిపెట్నాడేమో."

"నీకు తెలుసా?"

హరినాథ్ గ్లాసు కింద పెట్టాడు. "తెలిసేదేముంది పవిత్రా? బాలన్న సారు దగ్గిర కాంపౌండరు. మేం చిన్నప్పుడు కాంపౌండర్ బాలన్న అనేటోళ్లం. సారు పోయినాక కుర్చీ ఖాళీగా ఉండె. వచ్చినోళ్లను ఎనక్కి పంపలేక సూసినాడు. పొయ్యా పొయ్యా అందురూ డాక్టరనే అంటా ఉండారు. ఊరంతా తెలిసిందేగా ఇది."

"ఊరంతా" అంది పవిత్ర. "నాకు ఎవరూ చెప్పలేదు. ఆరుసార్లు పాప చెయ్యి గట్టిగా పట్టుకునింది నేను. కదలకుండా."

షెడ్డులో మగ్గం చప్పుడు ఆగిపోతే, అతను లేచి వెళ్లిపోయాడు.

*

అంగన్‌వాడీ టీచరును అడిగితే పుత్తూరులో ముగ్గురు పిల్లల డాక్టర్ల పేర్లు చెప్పింది. పవిత్ర మూడూ రాసుకుని మూడు చోట్లకూ ఫోను చేసింది.

"అపాయింట్‌మెంటు నంబరు పదకొండు" అంది మొదటి చోట అమ్మాయి.

"ఆ నంబరు కాదమ్మా. డాక్టరు గారి రిజిస్ట్రేషను నంబరు."

"అది మీకెందుకు?"

"చూసుకునేదానికి."

ఫోను పెట్టేశారు. రెండో చోట నంబరిచ్చారు. పేరు కలిసింది, ఎం.బి.బి.ఎస్. కూడా కలిసింది. కానీ వాళ్ల బోర్డు మీద ఉందని చెప్పిన పిల్లల వైద్యం చదువు ఆ పేరు పక్కన లేదు. మూడో చోట అమ్మాయి "ఉండండి, మేడమ్‌నే అడుగుతా" అని వెళ్లి, నవ్వు ఆపుకుంటూ వచ్చి అంకె అంకె చెప్పింది. కుముదవల్లి. తండ్రి పేరు, సంవత్సరం, ఎం.డి. పీడియాట్రిక్స్. వెబ్‌సైటులో అన్నీ ఉన్నాయి.

బుధవారం పొద్దున్నే పుత్తూరు బస్సెక్కింది. హరినాథ్ బస్టాండు దాకా వచ్చాడు గానీ నాయన ఏమంటాడోనని బస్సెక్కలేదు.

పక్క సీటు అవ్వ మోనికను ఎగాదిగా చూసింది. "పాపకు చెయ్యా, కాలా?"

"రెండూ కాదవ్వా. దగ్గు, ఆయాసం."

"దగ్గుకు పుత్తూరా! ఎముక విరిగితే గదా పుత్తూరు కట్టుకు పొయ్యేది. దగ్గుకు యాడన్నా కట్టు కడతారా?"

ముందు సీటులో వెదురుబద్దల కట్టుతో చెయ్యి వేలాడేసుకున్నతను కూడా నవ్వాడు. పవిత్రకూ నవ్వొచ్చింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి.

డాక్టర్ గదిలోకి వెళ్లగానే పవిత్ర గోడమీది సర్టిఫికెట్ దగ్గర ఆగి, ఫోన్‌లోని నంబరుతో పోల్చుకుంది. వెనకనుంచి గొంతు వినిపించింది.

"సరిపోయిందా అమ్మా?"

కుముదవల్లికి నలభై దాటుతాయి. కళ్లజోడు పైనుంచి చూస్తోంది.

"సరిపోయింది మేడం" అంది పవిత్ర. క్షమించమని అడగలేదు.

"అయితే కూర్చోండి. ఇప్పుడు నేనడుగుతా."

మోనికను తూకం మీద నిలబెట్టారు. పదమూడు కిలోల రెండు వందల గ్రాములు. గౌను విప్పి, స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చచేసి, వీపు మీద ఆరు చోట్ల విన్నది డాక్టర్. తర్వాత పవిత్ర చేతిలోని నోటుపుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. "ఇంత బాగా రాశారు. సూదుల పేర్లు?"

"చెప్పలేదు." పవిత్ర సంచిలోంచి పేరులేని సీసా తీసిచ్చింది.

"ఈ సీసా ఏమిటో నేను కూడా చెప్పలేను. పొయ్యొద్దు." సీసాను ఆమెకే తిరిగిచ్చింది. "దాచిపెట్టండి. పారెయ్యకండి."

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. దగ్గు ఏ పూట ఎక్కువ. అమ్మమ్మ ఊరికి వెళ్తే తగ్గుతుందా. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా. పాప ఎక్కడ పడుకుంటుంది.

"మగ్గాల షెడ్డు పక్క గదిలో మేడం."

"మధ్య తలుపు మూసుంటుందా?"

ఆ తలుపు ఎప్పుడూ మూయరు. వంటింట్లో ఉన్నా మగ్గం ఆగితే తెలియాలి, పోగు తెగితే పరిగెత్తాలి. డాక్టర్ మోనిక చెవి వెనకనుంచి వేలితో ఏదో తీసి, బల్ల మీది తెల్ల కాగితం మీద పెట్టింది. గోరంత దూది పింజ.

ఆరుసార్ల తేదీలు, జ్వరాలు అన్నీ రాసిన పుస్తకం పవిత్ర ఒళ్లో ఉంది. అందులో దుమ్ము గురించి ఒక్క మాట లేదు.

"మందు పీల్చే పద్ధతి చూపిస్తాను. రోజూ రెండు పూటలు. నెలకు మళ్లీ చూస్తాను" అంటూ డాక్టర్ అక్షరం అక్షరం విడిగా మందుల పేర్లు రాసింది. సంతకం కింద నంబరు కూడా రాసి, దాని కింద గీత గీసింది.

*

గురువారం సాయంత్రం ఈరోడు నుంచి కొత్త నూలు వచ్చింది. కుప్పయ్య అరుగు మీద కూర్చుని ఒక్కో కోనూ చేతిలోకి తీసుకుంటున్నాడు. కొత్త కోను నుంచి ఒక పోగు, పాత కోను నుంచి ఒక పోగు లాగి, రెంటినీ కలిపి మెలిపెట్టి, కళ్లు మూసుకుని వేళ్ల మధ్య తిప్పి చూస్తున్నాడు. మోనిక తాత పక్కనే కూర్చుని ఖాళీ కోనులోంచి వీధిని చూస్తోంది. దాని భుజాలు లేవడం బాగా తగ్గింది.

అప్పుడే బాలచంద్ర వచ్చాడు. పెంచలమ్మ కుర్చీ వేసింది, కాఫీ కూడా తెచ్చింది.

"కుప్పన్నా, నాకేం కోపం ల్యా" అన్నాడాయన. "చిన్నపిల్ల, తెలీక అనింది. అయితే వీధిలో నలుగురు ఏదేదో అంటా ఉండారు. నిన్న ఇద్దురు సూది పేరడిగినారు. కోడలు నా ముందర ఒక మాటంటే సరిపోతాది."

కుప్పయ్య "పవిత్రా" అని పిలిచాడు. ఆమె గడప దగ్గరికి వచ్చింది.

"ఆ నంబరు ఎవరిది సార్?" అని అడిగింది, కుప్పయ్య ఏమీ చెప్పకముందే.

బాలచంద్ర కాఫీ గ్లాసును తిప్పాడు. "సారుది. సారు చెయ్యే నా చెయ్యి. ఇరవై తొమ్మిదేండ్లు పక్కన నిలబడి నేర్చుకున్యా. కాయితాల్లో ఏముంటాదమ్మా? నీకు జొరమొస్తే కాయితం తగ్గిస్తాదా?"

"మీకు తెలిసింది మీకు తెలుసు సార్. నేను కాదనడం లేదు. మీకు తెలియనిది ఏందో మీకెట్ల తెలుస్తుంది?"

ఆయన కుప్పయ్యవైపు తిరిగి, "ఆదివారం పూట పాపకు ఆయాసమొస్తే ఆ పుత్తూరు డాక్టరమ్మ బస్సెక్కి మీ ఇంటికి వస్తాదా?" అని లేచాడు. సగం తాగిన గ్లాసు అరుగు మీదే ఉండిపోయింది.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా కుప్పయ్య పోగు మెలిపెడుతూనే ఉన్నాడు. తర్వాత చేతిలోని కోనును పక్కకు నెట్టి, "ఇది ఎనబై కౌంటు గాదు, నూలు ముతకగా ఉండాది" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"కోను మీద ఎనబై అని అచ్చేసినారు గదా మామా" అంది పవిత్ర.

"అచ్చుదేముంది? ఎవుడైనా ఏస్తాడు. పోగు తీసి సూడాల."

అనేశాక ఆయన వేళ్లు ఆగాయి. పవిత్ర మోనికను ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

*

ఆ ఇంట్లో ముందు మగవాళ్లు తింటారు, తర్వాత ఆడవాళ్లు. ఆ పూట పవిత్ర సంగటి ముద్దలు, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మధ్యలో పెట్టి, నాలుగు కంచాలు వేసి, హరినాథ్ పక్కన తనూ కూర్చుంది. పెంచలమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"రెండు మాటలు చెప్పాల" అంది పవిత్ర. "పొద్దున్నుంచి షెడ్డు తలుపు మూసే ఉంటాది. పాప మంచం ముందు గదిలోకి మారస్తా. మగ్గం ఆగితే మీరే కేకెయ్యండి, వస్తా."

"సరే" అన్నాడు హరినాథ్ తొందరగా, అంతటితో అయిపోతుందనుకుని.

"రేపు చిత్తూరు పోతా ఉండా. జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు. బోర్డు ఫోటో, చలపతి సారు నంబరు, ఈ సీసా ఇచ్చి, రాసిన అర్జీ ఇస్తా."

హరినాథ్ చేతిలో ముద్ద ఆగింది. "మన పాపను పుత్తూరుకు తీసకపో, ఎవురొద్దన్యారు? అర్జీ యాలా? ఊర్లో మేం తిరగొద్దా?"

"బయట బల్ల మీద నలుగురు బిడ్డలుండారు. వాళ్లమ్మలూ నా మాదిరే చెయ్యి పట్టుకుంటా ఉండారు. వాళ్లకెవరు చెప్తారు?"

"నువ్వొక్కదానివి పోయి చెప్తే నమ్మతారా? పేరు మార్చి కొత్త బోర్డు ఏసుకుంటాడు. సూదులు ముందే నింపినాడని నువ్వు అంటావు, లేదని ఆయనంటాడు. ఎవురు సూసినారు?"

కుప్పయ్య తల ఎత్తకుండా ముద్దను పప్పులో అద్దుతున్నాడు. అద్దుతూనే, "ఆ కోన్లు రేపు వాపసు పంపించు" అన్నాడు కొడుకుతో. "అన్నీ. ఒక్కటీ ఉంచొద్దు."

పెంచలమ్మ గరిటె కింద పెట్టి దేవుడి పటాల దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి పవిత్ర కంచం పక్కన రెండు వస్తువులు ఉంచింది. ఒకటి కడిగి తుడిచిన గీతల మూత. కుంకుమ ఎరుపు ఇంకా అంచున సన్నగా అంటుకునే ఉంది. రెండోది పాత క్యాలెండరు కాగితంలో కట్టిన మాత్రల పొట్లం.

"మూడేండ్లుగా మింగతా ఉండా. వీటికీ పేరు ల్యా" అంది. తర్వాత నాలుగో కంచం ముందు మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చుంది, మొగుడికి ఎదురుగా.

"సిత్తూరు బస్సు ఎన్నింటికి?"

"ఆరున్నరకత్తా."

"నేనూ వస్తా. నాకు బోర్డు సదవను రాదు, నంబరూ తెల్దు." ఆమె కొడుకువైపు తిరిగింది. "ఎవురు సూసినారని అడిగితివే. అయిదు సూదులు. తెల్ల గుడ్డ మీద. లెక్కబెట్టినా."

ఆ మాట అని ముద్ద తుంచుకుంది.